ఆయిల్ లైటు వెలిగింది, డ్రైవరు జీతం ఆగింది

కువైట్‌లోని షువైఖ్ సనయ్యాలో (గరాజులుండే ఇండస్ట్రియల్ ఏరియాలో) ఏ గరాజుకైనా ఇంజన్ లోపల ఠక్కుఠక్కున కొట్టుకునే బండి వచ్చిందంటే ఫోర్‌మన్ నోట మొదట వచ్చే మాట "మకీనా ఖలాస్". ఇంజన్ పోయింది, స్క్రాప్‌లో పాతది తెచ్చి ఎక్కించేద్దామని. వ్యాపారంగా చూస్తే ఇది తప్పు లెక్కేమీ కాదు. పాత ఇంజన్ తేలిగ్గా దొరుకుతుంది, బండి తొందరగా బయటికి పోతుంది, ఆ బే (బండి నిలిపి పనిచేసే చోటు) ఖాళీ అయితే ఇంకో బండి ఎక్కుతుంది. క్రాంక్‌షాఫ్ట్‌ను (పిస్టన్ల దెబ్బకు తిరిగే ఇంజన్ ఇరుసును) గ్రైండింగ్‌కు పంపి, కొలతలు తీసుకుని, కొత్త బేరింగులు వేసి బిగించే ఓపిక ఇక్కడ ఎవరికీ లేదు. నాకు మింగుడుపడనిది ఒక్కటే. దించిన ఇంజన్ ఎందుకు పోయిందో విప్పి చూసేవాడు ఉండడు. బండిలో అలాగే ఉండిపోయిన ఆ కారణం, కొత్తగా ఎక్కించినదాన్ని కూడా తినేస్తుంది.

నేను పని నేర్చుకున్నది కడపలో లారీల షెడ్డులో. మా మేస్త్రీ పాత బేరింగులు పారేయనిచ్చేవాడు కాదు. పేపరు పరిచి, ఏ సిలిండరుది ఆ సిలిండరు ముందు, పైది పైన, కిందిది కింద పెట్టించేవాడు. గుడ్డ పెట్టి తుడవబోతే చేతి మీద ఒక్కటి వేసేవాడు. "తుడిస్తే ఇంకేం చూస్తావురా?" అనేవాడు. ఆ అలవాటు గల్ఫ్‌కొచ్చినా పోలేదు. మా ఈజిప్టు ఫోర్‌మన్‌కు మొదట్లో అది టైమ్ వేస్టుగానే కనిపించేది.

రాడ్ బేరింగ్ అంటే చేతి గాజును సగానికి కోసినట్టుండే రెండు రేకులు. పిస్టన్‌ను కిందికి నెట్టే దెబ్బంతా కనెక్టింగ్ రాడ్ ద్వారా క్రాంక్ మీద పడేది వీటి మధ్య నుంచే. వెనక స్టీలు, దాని మీద రాగి కలిసిన లోహం, ఆపైన సీసం, తగరం కలిసిన సన్నని పొర. ఈ పై పొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుందేమో. ఇప్పటి బండ్లలో చాలావాటికి అల్యూమినియం రకం వస్తున్నాయి. ఏ రకమైనా, ఇంజన్ తిరుగుతున్నప్పుడు లోహం లోహాన్ని తాకకూడదు. మధ్యలో ఆయిల్ ఉండాలి. సాధారణ కారులో ఆ సందు సుమారు 0.05 మిల్లీమీటర్లు. సందు పెరిగితే ఆయిల్ పక్కలకు కారిపోయి ప్రెషర్ పడుతుంది, ప్రెషర్ పడితే లోహాలు రాసుకుంటాయి, రాసుకుంటే సందు ఇంకా పెరుగుతుంది. అందుకే ఒకసారి మొదలైన కొట్టుడు తనంతట తాను తగ్గదు.

కువైట్ బండ్ల సంగతి వేరు. 2016 జులై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అంత కాకపోయినా, ఎండాకాలంలో 48, 50 మామూలే. ఇంటి డ్రైవర్లు స్కూలు బయటా, మాల్ బయటా, డాక్టరు దగ్గరా ఏసీ వేసుకుని గంటలు గంటలు ఇంజన్ ఆపకుండా కూర్చుంటారు. వాళ్లను తప్పుపట్టలేం, ఆపితే పది నిమిషాల్లో బండి పొయ్యి అవుతుంది. కానీ ఆయిల్ మార్చేది మీటరులోని కిలోమీటర్లు చూసి. నిలబడి తిరిగిన గంటలు మీటరుకెక్కవు. గంట ఐడిలింగును సుమారు 50 కిలోమీటర్ల ప్రయాణం కింద లెక్క కట్టే కంపెనీలున్నాయి. ఆ లెక్కన 5,000 తిరిగిందనుకున్న ఆయిల్ ఎప్పుడో ముసలిదైపోయి ఉంటుంది. దీనికి తోడు తోజ్, అంటే దుమ్ముగాలి. దుమ్ము లేచిన రోజున చవక ఎయిర్ ఫిల్టరు అంచుల్లోంచి దూరిన సన్నటి ఇసుక నేరుగా సిలిండర్లలోకి, అక్కడి నుంచి ఆయిల్లోకి పోతుంది. చలికాలంలో ఎడారిలో క్యాంపులు వేసుకునే కుర్రాళ్లు దిబ్బల మీదకు బండి ఎక్కిస్తారు. ఆ ఏటవాలులో సంపులోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని) ఆయిల్ ఒక పక్కకు పోయి, దాన్ని పంపుకు అందించే పికప్ గొట్టం గాలి పీలుస్తుంది.

ఇంతకీ చెప్పబోయేది రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక ఇంటి డ్రైవరు గురించి. ఖాదిమ్ వీసా (ఇంటిపనివాళ్ల వీసా) మీద వచ్చినవాడు. వాళ్ల బాబాది (ఇంటి యజమానిది) పెద్ద వీ8 బండి, ఎనిమిది సిలిండర్లది. రింగ్ రోడ్డు మీద ఆయిల్ లైటు వెలిగి, ఇంజన్ కొట్టుకోవడం మొదలైందట. టో బండి మీద మా గరాజుకు తెచ్చారు. బాబా మాట తేలికే: లైటు వెలిగినా తోలాడు, ఇంజన్ డబ్బులు వాడి జీతంలోంచే. అప్పటికే ఆ నెల జీతం ఆపేశాడు. ఇంటిపనివాళ్లకు వారానికో సెలవు, రోజుకు పన్నెండు గంటలు దాటని పని అని 2015లో వచ్చిన 68వ నంబరు చట్టంలో రాసి ఉంది. కానీ బండి పాడైతే ఎవరు కట్టాలన్నది అసలులో బాబా మనసును బట్టే నడుస్తుంది. డ్రైవరు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, లైటు చూడంగానే పక్కకు పెట్టి ఆపినా. ఆయిల్ కూడా నిండా ఉంది. ఎవురూ నమ్మడం లే" అన్నాడు.

ఫోర్‌మన్ అప్పటికే ఇంజన్ కోసం స్క్రాప్‌కు ఫోన్ చేస్తున్నాడు. ఒక పూట ఆగమని అడిగాను. ఖాళీ బే ఉంది కాబట్టి సరేనన్నాడు. లేకపోతే అనేవాడు కాదు.

మొదట డిప్‌స్టిక్ తీశాను. ఆయిల్ పై గీత దాకా ఉంది. పెట్రోలు వాసన లేదు, కూలెంట్ కలిసిన మజ్జిగ రంగూ లేదు. తర్వాత శబ్దం. ఇంజన్ కొట్టుకునే ప్రతి శబ్దం బేరింగుది కాదు. చల్లగా ఉన్నప్పుడు మోగి వేడెక్కాక తగ్గితే అది పిస్టన్ ఆడటమో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరిగి గాలి లీకవడమో అవుతుంది. పైన సన్నగా టిక్‌టిక్‌మంటే వాల్వులను కదిపే లిఫ్టర్లను చూడాలి. గేర్‌బాక్సు వైపు, ఇంజన్‌ను దానికి కలిపే ఫ్లెక్స్‌ప్లేట్ పగిలినా అచ్చం రాడ్ కొట్టినట్టే ఉంటుంది. అదొక్కటి మారిస్తే పోయేదానికి ఇంజన్ మొత్తం మార్పించుకున్నవాళ్లను చూశాను. రాడ్ బేరింగ్ అయితే వేడెక్కేకొద్దీ, ఆయిల్ పలచబడేకొద్దీ గట్టిగా కొడుతుంది. 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా ఎక్కించి కాలు తీసేసిన క్షణంలో గలగలమంటుంది. ఈ బండిని రెండు నిమిషాలకు మించి తిప్పే ధైర్యం చేయలేదు. పొడవాటి స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని వింటూ, ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటే పీకాను. వెనకవైపు ఒక సిలిండరుది పీకగానే దెబ్బ సగానికి తగ్గింది. పేలుడు లేకపోతే రాడ్ మీద బరువు పడదు, అందుకే తగ్గుతుంది.

డాష్‌బోర్డులోని ముల్లును నమ్మను. సెన్సర్ తీసి, దాని స్థానంలో మెకానికల్ గేజ్ బిగించాను. వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) ఉండాలని పాత లెక్క. ఇక్కడ ఐడిల్‌లో ఐదారు దగ్గర వణుకుతోంది, రేస్ ఇచ్చినా పెద్దగా లేవలేదు.

బాబాకు ముందు ఇదే చెప్పాల్సి వచ్చింది. ఆ ఎర్ర లైటు, ఆయిల్ ప్రెషర్ తగ్గడం మొదలవగానే వెలగదు. చాలా బండ్లలో 5, 6 పీఎస్‌ఐ కిందికి పడితేనే వెలుగుతుంది. అప్పటికి బేరింగుకు జరగాల్సింది సగం జరిగిపోయి ఉంటుంది. లైటు చూడగానే ఆపినవాడికి కూడా ఇంజన్ దక్కకపోవచ్చు. ఆయన తల ఊపాడు, నమ్మినట్టు మాత్రం కనిపించలేదు.

ఆయిల్ దించితే వెలుతురులో మెరుపులు తేలాయి. ఫిల్టరును కట్టరుతో కోసి, లోపలి కాగితం మడతలు విప్పి పరిచాను. ఇది పది నిమిషాల పని. సనయ్యా మొత్తంలో చేసేవాళ్లు బహు తక్కువ. మడతల నిండా సన్నటి రేకులు. అయస్కాంతానికి అంటుకోలేదు, అంటే ఇనుము కాదు, బేరింగు లోహం. వాటి మధ్యలో ఇంకోటి కూడా ఉంది: నారింజ రంగు, రబ్బరులా సాగే చిన్న చిన్న ముక్కలు.

సంపు దించాలంటే ముందు యాక్సిల్ కదపాలి. పాకిస్తానీ తోటి మెకానిక్ చెయ్యి వేస్తేనే అయింది. పికప్ జల్లెడ బయటపడగానే ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. జల్లెడలో ముప్పాతిక భాగం సిలికాన్‌తో మూసుకుపోయింది. కొన్ని నెలల ముందు ఇంకో గరాజులో సంపు లీకుకని విప్పి మళ్లీ బిగించారు. గాస్కెట్ బదులు సిలికాన్ పూశారు, అదీ వేలి లావున. బోల్టులు బిగించినప్పుడు సగం బయటికి వస్తుంది, దాన్ని వేలితో తుడిచేస్తారు. లోపలికి పిండుకున్న సగం ఎవరికీ కనిపించదు. ఆయిల్లో నాని, ఊడి, పంపు పీల్చుకునే చోటికే చేరుతుంది. ఆయిల్ నిండా ఉన్నా ఇంజన్ దాహంతో చచ్చింది.

ఇక రేకులు. రాడ్ల కింది క్యాపులకు నంబర్లు వేసి, ఒక్కొక్కటీ విప్పి అట్టపెట్టె మీద వరుసగా పెట్టాను. వీ8లో ఒక్కో క్రాంక్ పిన్ను (క్రాంక్ మీద రాడ్ పట్టుకునే చోటు) మీద రెండు రాడ్లుంటాయి. కొడుతున్న సిలిండరుదీ, అదే పిన్ను పంచుకునే దాని జతదీ పై పొర పూర్తిగా పోయి రాగి బయటపడింది. మిగతా పిన్నుల మీద అరుగుదల ఒకదానికంటే ఒకటి తక్కువ. ఇలా అన్నీ ఒకే తీరుగా, తేడా మోతాదులో అరిగితే ఆయిల్ అందలేదని అర్థం. మట్టి దూరి ఉంటే రేకుల మీద క్రాంక్ తిరిగే దిశలో గీతలు, లోహంలో గుచ్చుకున్న రేణువులు ఉండేవి. రాడ్ వంగి ఉంటే రేకు ఒక అంచునే అరిగేది. ఇంజన్ నాకింగ్‌తో, ఎక్కువ లోడుతో పోయినది అయితే పేలుడు దెబ్బ తినే పై రేకు మధ్యలో పెచ్చులూడేది, కిందిది బాగానే ఉండేది. రేకు వెనకభాగం మెరుస్తూ కనిపిస్తే అది గూట్లో గట్టిగా కూర్చోలేదని, బిగించినవాడి పనే చూడాలి.

డ్రైవరును కాపాడింది ఇవేవీ కాదు, క్రాంక్ పిన్ను రంగు. ఆయిల్ లేకుండా కిలోమీటర్లు తోలిన ఇంజన్‌లో ఆ స్టీలు వేడికి నీలం తిరుగుతుంది, రేకు నల్లబడి పిన్నుకు అతుక్కుని, గూట్లోనే గిర్రున తిరిగిపోతుంది. ఇక్కడ పిన్ను మీద గీతలున్నాయి కానీ రంగు మారలేదు, రేకు స్థానం కదల్లేదు. అంటే లైటు వెలిగాక బండి ఎక్కువ దూరం నడవలేదు.

కంపెనీల తప్పు కూడా ఉంటుందని బాబా తరపు బంధువొకడు అందుకున్నాడు. ఉంటుంది, కాదనను. 2015లో హ్యుందాయ్ అమెరికాలో సుమారు 4,70,000 సొనాటాలను వెనక్కి పిలిచింది, క్రాంక్ ఆయిల్ రంధ్రాల్లో తయారీనాటి లోహపు పొట్టు మిగిలిపోయిందని. 2025 ఏప్రిల్‌లో జీఎం 2021–2024 మోడళ్ల 6.2 లీటర్ల వీ8 బండ్లు ప్రపంచం మొత్తం మీద 7,21,000 దాకా పిలిచింది, రాడ్లలో, క్రాంకుల్లో లోపాలని. పరీక్షలో బాగున్నవాటికి పలచటి 0డబ్ల్యూ-20 ఆయిల్ తీసేసి, చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్ పోయమంది. కానీ మా ముందున్న జల్లెడలో సిలికాన్‌ను ఏ ఫ్యాక్టరీ పూయలేదు.

ఫోన్లో ఫొటోలు తీశాను. జల్లెడ, ఫిల్టరు, రేకుల వరుస, పిన్ను. ఇంకో గరాజు మీద రాతపూర్వకంగా ఇవ్వడానికి ఫోర్‌మన్ మొదట ఒప్పుకోలేదు. రేపు వాళ్లూ మన పని మీద రాస్తారన్నాడు. నాది షూన్ వీసా (కంపెనీ ఉద్యోగ వీసా), కంపెనీ చేతిలో ఉన్నవాణ్ని, గట్టిగా అడగలేను. చివరికి గరాజు పేరు లేకుండా, "సంపులో సిలికాన్, పికప్ మూసుకుపోయింది, క్రాంక్ మీద వేడి గుర్తు లేదు" అని అరబ్బీలో మూడు లైన్లు రాసి ముద్ర వేశాడు. బాబా ఆ కాగితం పట్టుకుని పాత గరాజుకు వెళ్లాడు. అక్కడేం మాట్లాడుకున్నారో తెలియదు. ఖర్చులో సగం వాళ్లు భరించారని విన్నాను.

ఇంజన్‌ను మాత్రం ఈసారి మార్చలేదు. క్రాంక్‌ను 0.25 మిల్లీమీటర్లు గ్రైండ్ చేయించి, ఆ సైజు రేకులు, కొత్త రాడ్ బోల్టులు వేశాం. సందు సరిపోయిందో లేదో ప్లాస్టిగేజ్ అనే కొలత దారం మధ్యలో పెట్టి నలిపి చూసుకున్నాం. ఆయిల్ కూలర్ కొత్తది వేయించాను, పాతదాని లోపల పొట్టు దాక్కుంటుంది, ఎంత కడిగినా నమ్మలేం. స్టార్ట్ చేసేముందు ఆయిల్ ప్రెషర్ ఎక్కేదాకా పంపును నింపుకున్నాం.

బాబా ఆపిన జీతం ఇచ్చాడు, ఒకేసారి కాదు, రెండు విడతల్లో. పొరపాటు పడ్డాను లాంటి మాట ఏదీ రాలేదు, డ్రైవరు ఆశించనూ లేదు. ఇప్పుడు వాడు ప్రతి శుక్రవారం ఉదయం డిప్‌స్టిక్‌నూ, కిలోమీటర్ల మీటరునూ ఫొటో తీసి బాబా వాట్సాప్‌కు పంపుతాడు. బండి వేరే గరాజుకు పోయి వస్తే బిల్లు కూడా ఫొటో తీసి పెట్టుకుంటాడు. వాడి రూములోని మిగతా డ్రైవర్లూ మొదలుపెట్టారు. వాళ్లలో ఇద్దరు ఫిల్టరు కోసి చూడమని నా దగ్గరికి వస్తున్నారు. దానికి ఫోర్‌మన్ రెండు దీనార్లు తీసుకుంటున్నాడు.