గ్యాస్ బిళ్ళకి బదులు నాలుగిటుకలు

కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ 40 మి.గ్రా. బిళ్ళ ఆరేళ్ళు మింగాను. మా కోనసీమలో దాన్నెవరూ మందుల్లో లెక్కెయ్యరు. డాక్టరు గారు "ఏం వాడుతున్నారండీ?" అనడిగితే బీపీ బిళ్ళ పేరొక్కటే చెబుతాం. గ్యాస్ బిళ్ళంటే పొద్దున్న కాఫీ లాంటిదే కదా!

రెండుసార్లు ఉన్నపళంగా మానేసి చూశాను. రెండుసార్లూ మూడో నాటికల్లా గొంతు దాకా మంట, పుల్ల తేన్పులు. జబ్బు ముదిరిందనుకుని మళ్ళీ షీటు తెచ్చుకున్నాను. అసలు సంగతి వేరు. బిళ్ళ ఆమ్లాన్ని అణిచిపెట్టినన్నాళ్ళూ ఒళ్ళు ఊరుకోదు. గ్యాస్ట్రిన్ అనే హార్మోను పెంచి, ఆమ్లం తయారీని ఉసిగొలిపే కణాలను పెంచుకుంటుంది. బిళ్ళ ఆపితే లాకు తలుపులెత్తిన కాలవలా అదంతా ఒక్కసారి పడుతుంది. 2009లో డెన్మార్కులో ఏ కడుపు జబ్బూ లేనివాళ్ళకి ఈ జాతి బిళ్ళే ఎనిమిది వారాలిచ్చి ఆపేస్తే, ఆ తర్వాతి వారాల్లో నూటికి 44 మందికి మంటో, తేన్పులో, అజీర్తో కనిపించాయి. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో అది 15 మందికే. మానగానే వచ్చిన మంటని చూసి జబ్బు తిరగబెట్టిందనుకోకూడదని నాకప్పుడు అర్థమైంది.

అందరూ మానెయ్యొచ్చా అంటే, కాదు. గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్ళు, కడుపులో పుండై రక్తం పోయినవాళ్ళు, ఎండోస్కోపీలో అన్నవాహిక బాగా ఒరిసిపోయిందనో బారెట్స్ (ఆమ్లం తగిలి తగిలి అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) అనో రాసినవాళ్ళు డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు. మోకాళ్ళ నొప్పులకి రోజూ డైక్లోఫెనాక్ మింగేవాళ్ళు ముందు దాని సంగతి తేల్చుకోవాలి. ముద్ద దిగకపోయినా, విరేచనం తారులా నల్లగా అయినా, ఊరికే బరువు తగ్గినా అది గ్యాస్ కాదు. ఛాతీ మంటకి చెమట, ఎడమ చేతి లాగుడు తోడైతే సోడా కోసం కిళ్ళీకొట్టుకి పోకుండా ఈసీజీకి పోవాలి.

నాకు ఎండోస్కోపీలో పెద్దగా ఏమీ లేకపోవడంతో డాక్టరు గారితో చెప్పే తగ్గించాను. నెల రోజులు 40కి బదులు 20. ఇక్కడ చాలామంది 40 బిళ్ళనే సగానికి విరుస్తారు. దాని పైపూత కడుపులోని ఆమ్లం దాటేదాకా మందుని కాపాడ్డానికే ఉంది. విరిస్తే మందు దారిలోనే పాడవుతుంది, 20 బిళ్ళ విడిగా దొరుకుతుంది. తర్వాత మూడు వారాలు రోజు విడిచి రోజు, టిఫినుకి అరగంట ముందు. ఆపైన మంటొస్తేనే. మధ్యలో మంటకి యాంటాసిడ్ జెల్ రెండు చెంచాలు, అంటే 10 మి.లీ. థైరాయిడ్ బిళ్ళ వాడేవాళ్ళు దానికీ జెల్‌కీ నాలుగు గంటల ఎడమివ్వాలి. మంటకి మరీ నిద్ర పట్టని రాత్రి ఫామోటిడిన్ 20, అది ఆమ్లం తగ్గించే ఇంకో జాతి బిళ్ళ. దాన్ని రోజూ వేస్తే ఒకటి రెండు వారాల్లో పనితనం తగ్గుతుంది కాబట్టి దాచుకుని వాడాలి. నీళ్ళలో వేస్తే పొంగే గ్యాస్ ఉప్పుల్లో సోడియం ఎక్కువ, బీపీవాళ్ళకి పనికిరావు.

మందులషాపువాళ్ళు చేతిలో పెట్టే, పేరు చివర "డి" ఉన్న గ్యాస్ క్యాప్సూలు వేరే సరుకు. అందులో డోంపెరిడోన్ కలిసి ఉంటుంది. అది వాంతులకి కొద్దిరోజులు వాడేది, గుండె లయ మీద ప్రభావం చూపే మందు. ఏళ్ళ తరబడి మింగేది కాదు.

నాకు మందుకన్నా పనిచేసింది మంచం. నవారు మంచం నడుము దగ్గర పల్లమై, పడుకుంటే మనిషి ఊయల్లో పడ్డట్టుంటాడు. దాని మీద రెండు తలగడలేస్తే మెడ లేస్తుంది, పొట్ట మడతపడి ఇంకా నొక్కుకుంటుంది. కావలసింది ఛాతీతో సహా ఏటవాలు. అందుకని చెక్క మంచానికి మారి, తలవైపు రెండు కోళ్ళ కిందా రెండేసి ఇటుకలు పేర్చాను, సుమారు ఆరంగుళాలు. మొదటి రాత్రి కోడు జారింది. ఇటుకకీ కోడుకీ మధ్య గోనెపట్టా ముక్క వేశాక కదల్లేదు. ఎడమవైపు తిరిగి పడుకుంటే పుల్లనీళ్ళు పైకి రావడం ఇంకా తగ్గుతుంది.

రెండోది రాత్రి భోజనం. పదింటికి అన్నం తిని పదిన్నరకి వాలితే ఏ బిళ్ళా ఆదుకోదు. ఏడున్నరకి కంచం ముందు కూర్చున్నాను, పదిన్నర దాకా నడుం వాల్చలేదు. ఆవకాయ మీద నింద వేస్తారు గానీ, నాకు తేడా చేసింది అన్నం కొలతే: మూడు గరిటెలు రెండయ్యాయి. ఆవకాయ మధ్యాహ్నానికి జరిగింది. పనసపొట్టు ఆవ పెట్టిన కూర, చేపల పులుసు కూడా అంతే, పగలైతే పర్వాలేదు. లుంగీ ముడి వదులు చేసుకోవడం చిన్న సంగతే గానీ పనిచేస్తుంది. అయిదు నెలల్లో 78 కిలోల నుంచి 73కి వచ్చాను. పొట్ట తగ్గినకొద్దీ మంట తగ్గింది.

ఇక బలం మాత్రలు. గ్యాస్ బిళ్ళ ఏళ్ళ తరబడి వాడితే బీ12, మెగ్నీషియం తగ్గొచ్చు. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ కూడా తోడైతే బీ12 మరీను. నాకు బీ12 168 వచ్చింది, అంటే తక్కువ, అరికాళ్ళ తిమ్మిర్లు దానివేనన్నారు. అదొక్కటీ మూడు నెలలు వేసుకున్నాను, మల్టీవిటమినూ లివర్ టానిక్కూ తీసేశాను. కాల్షియం కార్బొనేట్ ఒంటికి పట్టాలంటే ఆమ్లం కావాలి. రోజూ ఆ ఆమ్లాన్నే అణిచేసి పరగడుపున కాల్షియం మింగడం డబ్బు దండగ.

ఇప్పుడు నెలకి రెండో మూడో 20 మి.గ్రా. బిళ్ళలు, పెళ్ళిళ్ళ రోజుల్లో ఇంకొకటి. తిమ్మిర్లు పోయాయి గానీ ఆరునెలలకోసారి బీ12 చూపించుకుంటున్నాను. ఇటుకలు మంచం కిందే ఉన్నాయి.