కొండ మీది ఆసుపత్రికి కారు లేకుండా

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌ నగరంలో ఉన్న ఓరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ యూనివర్సిటీ ఆసుపత్రి మార్క్వమ్ హిల్ అనే కొండ మీద ఉంది. చుట్టూ చెట్లు, ఇళ్లు, మెలికలు తిరిగే ఇరుకు రోడ్లు కావడంతో, పైన విస్తరించడానికి చోటు చాలక, కింద విల్లమెట్ నది ఒడ్డున మరో ప్రాంగణం కట్టుకున్నారు. ఆ రెండింటినీ కలిపే ఏరియల్ ట్రామ్ (తీగ మీద వేలాడుతూ కదిలే బండి) 2007 జనవరిలో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. సుమారు 3,300 అడుగుల తీగ మీద, 500 అడుగుల ఎత్తుకు, నాలుగు నిమిషాల్లో చేరుస్తుంది.

అత్తయ్యగారిని కంటి పరీక్షకు తీసుకువెళ్లినప్పుడు కారు ఇంట్లోనే ఉంచి, స్ట్రీట్‌కార్‌లో (రోడ్డు మీది పట్టాలపై నడిచే చిన్న రైలులో) వచ్చి ఈ ట్రామ్ ఎక్కాము. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ ఎక్కడా మెట్లెక్కవలసిన అవసరం రాలేదు. ట్రామ్ కింది స్టేషన్ పక్కనే వచ్చినవాళ్లు తమ సైకిళ్లను భద్రపరచమని ఉచితంగా అప్పగించే చోటు కనిపించింది. యూనిఫాం మీద వానకోటు వేసుకున్న ఒక నర్సు సైకిల్ ఇచ్చి, చీటీ తీసుకుని, పరుగున వచ్చి మా పక్కన నిలబడింది. దగ్గరలోని తిలికం వంతెన మీదుగా (2015లో తెరిచారు) రైళ్లు, బస్సులు, సైకిళ్లు, పాదచారులు వెళ్తారు గాని సొంత కార్లకు ప్రవేశం లేదు.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది రోగులకు కలిగే మేలు. రోజూ వచ్చే ఉద్యోగులు కార్లు మానుకున్నకొద్దీ, కీమోథెరపీ తర్వాత నిలబడలేని మనిషికి గుమ్మం దగ్గర పార్కింగ్ మిగులుతుంది. మన హైదరాబాదులో ఆసుపత్రులకు కొత్త బ్లాకులు కట్టేటప్పుడు, సెల్లార్ల లెక్కతో పాటు మెట్రో స్టేషన్ నుంచి వీల్‌చైర్ సాఫీగా వచ్చే నీడదారి కూడా మొదటి నక్షాలోనే ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.