470లో క్రూగా పోవాలా వద్దా: గోదాములో మూడో వారం

దొరికింది! మూడు వారాల నుంచి నన్ను ముందుకు ఈడ్చి పారేస్తున్నది ఏందో నిన్న సాయంత్రం దొరికింది, ఆ ఊపులోనే కూర్చుని రాస్తున్నా, అరచేతులు ఇంకా మండుతున్నాయి.

సంగతేమంటే, హుస్సేన్ సాగర్‌లో రెండేళ్లుగా ఎంటర్‌ప్రైజ్‌లో (ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ) జిబ్, అంటే ముందుండే చిన్న తెరచాప, పట్టుకుంటున్నా కదా, రెండు వారాలకోసారి శనివారం రాత్రి కర్నూల్లో బస్సెక్కి పోయి. అక్కడ 470 (అదీ ఇద్దరు నడిపే తెరచాప పడవే, రేసులది) నడిపే అన్న ఒకాయనకు క్రూ, అంటే చుక్కాని పట్టేవాడికి తోడుగా రెండో మనిషి, కావాలంట. పారిస్ ఒలింపిక్స్ నుంచి 470 మిక్స్‌డ్, అంటే ఒక మగ ఒక ఆడ జోడీ, అయింది కాబట్టి అమ్మాయి అయితే మంచిది, "నువ్వు రామ్మా, నెలాఖరుకు ఏ మాటో చెప్పు" అన్నాడు. ఆయన 68 కిలోలు, నేను 62, కలిపితే 130, ఆ పడవకు 110 నుంచి 145 దాకా బాగుంటుందంటారు, బరువుతో పేచీ లేదు. పేచీ అంతా ట్రాపీజ్‌తోనే: మాస్ట్ (తెరచాప స్తంభం) నుంచి దిగే వైరుకు నడుం హార్నెస్ తగిలించుకుని, పడవ అంచు మీద పాదాలు పెట్టి బయటికి చాపుకుని ఉండటం. ఎంటర్‌ప్రైజ్‌లో అది లేదు, అంచు మీద కూర్చుని వెనక్కి వాలడమే నాకు తెలిసిన విద్య.

ట్రయల్‌కి రెండు గంటలు ఇచ్చాడు, గాలి 10-12 నాట్లు. స్పిన్నేకర్ (ముందు ఉబ్బే పెద్ద తెరచాప) పోల్ మార్చడం వచ్చేసింది. వైరు చివరి రింగు హుక్కుకు తగిలించుకోవడం, బయటికి పోవడం, టాక్‌లో (పడవ ముక్కును గాలికి అవతలి పక్కకు తిప్పేటప్పుడు) లోపలికి రావడం పర్లేదు.

కానీ ఆరు సార్లు పడ్డా, ఆరూ ఒకే రకంగా. పూర్తిగా బయట చాపుకుని ఉంటా, అంతా బాగుంటుంది, ఇంతలో ఏదో టూరిస్టు బోటు లేపిన అల పడవ ముక్కుకు తగులుతుంది, పడవ ఒక్క క్షణం నెమ్మదిస్తుంది, నేను నెమ్మదించను. ముందు పాదం గన్నెల్ (పడవ అంచు) మీద జారి, వైరుకు వేలాడుతూ మాస్ట్ చుట్టూ గిర్రున తిరిగి ఫోర్‌స్టే (మాస్ట్‌ను ముక్కుకు కట్టే తీగ) దగ్గర నీళ్లలో తేలతా. ఆరింటిలో అయిదు స్టార్‌బోర్డ్ టాక్‌లోనే, గాలి పడవ కుడి పక్క నుంచి వచ్చేటప్పుడు, అంటే ముందున్నది కుడి కాలు. బళ్లో ఖోఖో ఆడేటప్పుడు మడమ బెణికిన కాలు అదే, అందుకేనేమో అని మొదట్లో దాని మీదే అనుమానం.

ఇంటికొచ్చి కల్లూరులో మామ వాళ్ల శెనక్కాయల గోదాములో ట్రాపీజ్ మాదిరి ఒక రిగ్ కట్టినా. ఇనుప దూలం నుంచి 5 మి.మీ. డైనీమా తాడు, గోడకు బిగించిన బల్ల, బల్ల అంచుకు సగానికి కోసిన పీవీసీ పైపు, గన్నెల్ మాదిరి గుండ్రంగా ఉండాలని. కింద శెనక్కాయ పొట్టు మూటలు. బల్ల నుంచి దూలం ఎత్తు 3.2 మీటర్లు, దూలానికీ బల్ల అంచుకూ అడ్డంగా 85 సెం.మీ., పడవలో సగం వెడల్పు అంతే ఉంటుందని.

మొదటి వారం బూట్లు అనుకున్నా. మెత్తటి రబ్బరు సోల్‌వి, మామూలు కాన్వాస్‌వి, వట్టి కాళ్లు, మూడూ చూసినా. రెండో వారం రింగు ఎత్తు, రెండేసి సెంటీమీటర్లు దించుకుంటూ పోయి నడుము గన్నెల్‌కి పిడికెడు పైన ఉండేట్టు చేసినా. తమ్ముడు హార్నెస్‌కి తాడు కట్టి ముందుకు ఒక్క గుంజు గుంజేవాడు, అల తగిలినట్టు. పడలేదు! ఎంత గుంజినా పడలేదు, రెండు వారాలు. అదే నాకు పిచ్చెక్కించింది, గోదాములో శిలలా నిలబడేదాన్ని నీళ్ల మీద రెండు గంటల్లో ఆరు సార్లు ఎందుకు పడాల?

మూటలు తూచే వేలాడే కాటా ఉంది కదా, దాన్ని తాడు మధ్యలో కట్టినా మొన్న. 71 కిలోలు చూపించింది. నా బరువు 62. అంటే తాడు బాగా ఏటవాలుగా ఉంది, ఆ ఏటవాలు నన్ను బల్ల వైపుకు తోస్తా ఉంది, లెక్కేస్తే పాదాల మీద అడ్డంగా 35 కిలోల ఒత్తిడి. అంత ఒత్తిడి ఉంటే పాదం ఎందుకు జారుతుంది! అన్నకు ఫోన్ చేసి పడవ మీద టేపు పట్టి కొలవమన్నా: గన్నెల్ నుంచి వైరు మాస్ట్‌కి తగులుకునే చోటికి ఎత్తు 4.8 మీటర్లు, నేను నిలబడే చోటు మాస్ట్‌కి 90 సెం.మీ. వెనకాల. ఆ 4.8తో లెక్కేస్తే పాదాల మీద ఒత్తిడి 23 కిలోలే.

ఇంక ఆ 90 సెం.మీ. ఉంది చూడండి, అసలు దొంగ అదే. గోదాములో తాడు నాకు సరిగ్గా ఎదురుగా ఉంది. పడవలో అది ముందుంది, అంటే వైరు నన్ను పొద్దస్తమానం ముక్కు వైపుకు దగ్గర దగ్గర 12 కిలోల బలంతో లాగుతానే ఉంటుంది, అల తగలకముందే. దాన్ని ఆపేది ముందు కాలు ఒక్కటే. నేను నేర్చుకున్నదంతా ఆ లాగుడు లేని చోట నేర్చుకున్నా.

నిన్న తాడు కట్టే చోటును దూలం మీద 60 సెం.మీ. ముందుకు, 60 సెం.మీ. బయటికి జరిపినా, 3.2 మీటర్ల ఎత్తుకు అవే కోణాలు రావాలంటే అంతే కావాల. కాటా 67. తమ్ముడు ఒక్క గుంజు గుంజినాడు, అంతే, అదే పడటం, అదే గిరగిరా, పొట్టు మూటల్లో పడి లేచి గట్టిగా అరిచినా సంతోషంతో. మామ పరిగెత్తుకొచ్చి, "ఏం పాపా, దెబ్బ తగిలిందా? చాల్లే ఇంగ, దిగు!" అన్నాడు.

ఆ తర్వాత ముందు మోకాలు బిగబట్టి, వెనక మోకాలు వదులుగా, పాదాల మధ్య ఇంతకుముందు జానెడు ఉన్నదాన్ని 45 సెం.మీ. చేసినా. 40 గుంజుళ్లలో 33 నిలబడినా. పడిన ఏడింటిలో నాలుగు సోల్ తడిపిన తర్వాత, మూడు చివర్లో కాళ్లు వణికేటప్పుడు. కుడి కాలు ముందున్నప్పుడే ఆ మూడూ. కాబట్టి మడమకూ కొంత వాటా ఉంది.

హార్నెస్ గురించి ఒక మాట. 2023 నుంచి రేసుల్లో క్విక్ రిలీజ్ హుక్ (చటుక్కున విడిపించుకోగలిగేది) ఉండాల్సిందే, పాతది తక్కువకు వస్తుందని కొనొద్దు. నేను అన్న దగ్గరి డయపర్ మోడల్ (నడుం, తొడలు చుట్టి పట్టుకునేది) అడిగి తెచ్చుకున్నా, ఈ వీపు పైదాకా ఎక్కి పట్టుకునేవాటికంటే ఊపిరి బాగా ఆడుతుంది, కానీ రెండు గంటల తర్వాత నడుం చెప్తుంది.

ఇంక నిర్ణయం. మనసైతే పోతానంటోంది. పారిస్‌లో వెండి గెలిచిన జపాన్ జోడీలో హెల్మ్ (చుక్కాని పట్టేది) ఒకాడా, క్రూ యోషియోకా, ట్రాపీజ్ మీద ఉండేది ఆమే, ఆ వీడియోలు ఆపి ఆపి ఆమె ముందు కాలే చూస్తా కూర్చున్నా రాత్రి. ఇబ్బందల్లా 470కి ప్రతి వారం రావాలంటాడు అన్న, పోనూ రానూ 430 కిలోమీటర్లు, సోమవారం పొద్దున నేరుగా ఆఫీసు. ఎంటర్‌ప్రైజ్ స్కిప్పర్ అక్కకు ఇంకా చెప్పలేదు, అది తలుచుకుంటే కష్టంగానే ఉంది, నాకు తెడ్డు పట్టడం నుంచి నేర్పింది ఆమె.

ఈ శనివారం దాకా రోజూ సాయంత్రం 20 గుంజుళ్లు, అన్నీ తడి సోల్‌తోనే, సగం కుడి కాలు ముందు పెట్టి. మడమకు టేపు చుట్టి ఒక రోజు, చుట్టకుండా ఒక రోజు చూడాల. ఆదివారం ఇంకో రెండు గంటలు ఇస్తానన్నాడు అన్న. పది నాట్లు పైన గాలి ఉండి రెండు సార్ల కంటే తక్కువ పడితే అక్కడే సరే అని చెప్పేస్తా, అక్కకు ఆ సాయంత్రమే ఎదురుగా కూర్చుని చెప్తా. గాలి లేకపోతే మాత్రం మళ్లీ వారం ఆగాల్సిందే. బస్సు టికెట్ అయితే తీసినా.