ఐరన్ చుక్కలు

మా చిన్నది 31 వారాలకే పుట్టేసింది. బరువు కిలోన్నర. ఇంటికొచ్చాక రోజూ ఐరన్ చుక్కలు వేయమంటే నాకు అర్థం కాలేదు. నా పాలు తాగుతోంది కదా, ఇంకేం తక్కువ?

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. కడుపులో బిడ్డ ఐరన్ దాచుకునేది చాలావరకు చివరి మూడు నెలల్లోనేనట. మాది ఆ నెలలు నిండకుండానే వచ్చేసింది. పైగా ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో, పరీక్షలకని తీసిన రక్తం! ఒక్కోసారి మిల్లీలీటరే కావచ్చు, కానీ అంత పిల్ల ఒంట్లో ఉండేదే సుమారు 150 మిల్లీలీటర్లు. పుట్టగానే బొడ్డుతాడు కోయడానికి అర నిమిషమో, నిమిషమో ఆగితే మాయలోని రక్తం కొంత బిడ్డకే చేరుతుంది. మా పాప ఏడవలేదని వెంటనే కోశారు, ఆ వీలు దొరకలేదు.

తల్లికి రక్తహీనత బాగా ఉన్నా నిల్వ తగ్గొచ్చట. ఆరో నెలలో నా హిమోగ్లోబిన్ 8. వాంతులొస్తున్నాయని ఐరన్ మాత్రలు డబ్బాలోనే దాచేశాను. ఈ సంగతి డాక్టరమ్మకి చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నా.

కిలో బరువుకి రోజుకి 2 మిల్లీగ్రాములు, ఏడాది నిండేదాకా. మొన్న దొడ్డికి నల్లగా వెళ్లిందని అత్తయ్య ఒకటే కంగారు. చుక్కల వల్లేనత్తయ్యా అన్నా వినలేదు, డైపర్ ఫొటో డాక్టరమ్మకి పంపించేదాకా!