హన్మకొండ ఎండకు ఈ పొడి ఆగుతుందా?

ప్రోటీన్ తయారు కావాలంటే బ్యాక్టీరియా బతికే ఉండాలని లేదు. దాని లోపలి సరుకు చాలు; ఆ సరుకును ఎండబెట్టి చేసిందే ఈ పొడి. ఇది పాత సంగతే. 1961లో నిరెన్‌బర్గ్, మథాయ్ అనే శాస్త్రవేత్తలు ఇ.కోలై బ్యాక్టీరియాని పగలగొట్టి తీసిన రసంలో, యూరాసిల్ అనే ఒకే అక్షరం వరసగా ఉన్న ఆర్‌ఎన్‌ఏ వేశారు. ఫినైల్‌అలనిన్ అనే ఒకే అమైనో ఆమ్లం ఉన్న ప్రోటీన్ గొలుసు వచ్చింది. ఏ అక్షరాలకు ఏ అమైనో ఆమ్లమో చెప్పే జెనెటిక్ కోడ్ గుట్టు విప్పడం అక్కడే మొదలైంది.

చిక్కల్లా ఆ రసాన్ని దాచడంలోనే ఉంది. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కావాలి. మే నెలలో గాలిదుమారం లేచి కరెంటు పోతే మా ల్యాబ్‌లో అందరికీ ఒకటే టెన్షన్. అందుకే 2014లో కీత్ పార్డీ, జేమ్స్ కాలిన్స్ బృందం ఈ రసాన్ని కాగితం ముక్కల మీద ఫ్రీజ్ డ్రై చేసిందని, అంటే గడ్డకట్టించి ఎండబెట్టిందని చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. గది ఉష్ణోగ్రతలో ఏడాది దాకా ఉంచి, నీళ్లు పోస్తే మళ్లీ పనిచేసిందట.

అయితే ఆ గదిలో ఉండేది ఇరవై, ఇరవై అయిదు డిగ్రీలు. ఏప్రిల్ దాటాక మా స్టోర్ రూంలో నలభై ఎక్కడికీ పోదు. రామగుండం వైపైతే చెప్పనే అక్కర్లేదు.

మేమూ ఆ రసాన్ని ట్యూబుల్లో అలాగే ఎండబెడుతున్నాం. మా అటెండర్ మల్లన్న ఒకరోజు ఫ్రీజ్ డ్రై మిషిన్‌లోని ట్యూబులు చూసి అడిగాడు: "గింత ఎండ ఉండంగ గా మిషిన్ ఎందుకు మేడం? డాబా మీద ఆరబెడితే ఎండదా?"

"ఎండుద్ది మల్లన్నా, కానీ లోపలున్న ఎంజైములు చచ్చిపోతయి."

వడియాలకు పనికొచ్చే ఎండ, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములకు పనికిరాదు మరి. ముందు ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, తర్వాత గాలి లాగేస్తే మంచు నీరు కాకుండానే ఆవిరై పోతుంది. ట్యూబు అడుగున తెల్లగా, దూదిలా తేలికైన ముద్ద మిగులుతుంది. రసం, అమైనో ఆమ్లాలు, న్యూక్లియోటైడ్లు, శక్తినిచ్చే పదార్థం, మెగ్నీషియం, పొటాషియం లవణాలు, మనకు కావాల్సిన డీఎన్‌ఏ, అన్నీ అందులోనే. ట్రెహలోజ్ అనే చక్కెర కలిపితే ఎండేటప్పుడు ప్రోటీన్లు చెదిరిపోకుండా కాస్త కాపు కాస్తుంది.

అందులో చుక్క నీళ్లు వేసి 30 నుంచి 37 డిగ్రీల మధ్య ఉంచాలి. (వేసవిలో మా ల్యాబ్ బల్లే ఇంక్యుబేటర్!) జెల్లీఫిష్ ప్రోటీన్ జీఎఫ్‌పీ డీఎన్‌ఏ వేసి ఉంటే, కొన్ని గంటలకు నీలి కాంతి కింద ట్యూబు పచ్చగా మెరుస్తుంది. డిగ్రీ పిల్లలు అది చూసి పెట్టే కేకలు పక్క క్లాసులకు వినపడతాయి.

నీళ్లు పోస్తే చాలని అందరూ చెబుతారు. పొడి పొడిగా ఉంచడానికి పడే పాట్లు మాత్రం ఎవరూ చెప్పరు. నన్నడిగితే ఎండకంటే ముసురే పెద్ద శత్రువు. ఆగస్టులో "ఒక్కసారి చూస్తా మేడం" అని ఎవరైనా మూత తీశారా, దూదిలాంటి ముద్ద కాసేపట్లోనే చెమ్మ పీల్చుకుని జిగటగా అడుగుకు అంటుకుంటుంది. ఇక ఆ ట్యూబు మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే సిలికా జెల్ వేసి గాలి చొరని కవర్లలో సీల్ చేసి, ట్యూబులు విడివిడిగానే ఇస్తున్నాను. ఎవరిది వాళ్లు పాడుచేసుకోవచ్చు.

ఈ వేసవికి ఒక జత స్టోర్ రూం ఇనుప బీరువాలో, ఇంకో జత మామూలు ఫ్రిజ్‌లో పెట్టాను. రెండూ ఒకే రోజు ఎండబెట్టినవే. జూన్‌లో కాలేజీ తెరవగానే రెండింట్లో నీళ్లు పోసి, ఏది ఎంత పచ్చగా మెరుస్తుందో కొలుస్తాం. బీరువాలోవి ఫ్రిజ్‌లోవాటిలో సగం మెరిసినా నాకు చాలు, పిల్లలకు చూపించడానికి అది సరిపోతుంది.