లేచిన చోటు

హనుమకొండ చౌరస్తాలో కొన్న గ్రాఫు కాగితాలు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని కాజీపేటలోని మా బడికి చేరేసరికి, చెమటకు అవి సగం మెత్తబడేవి. మూలన స్కేలు రాయడం మరిస్తే మార్కు కోతే.

నాకు గ్రాఫు దండగ అనిపించేది. సమీకరణం చేతిలో ఉండగా చుక్కలు పెట్టుకుంటూ కూర్చోవడం దేనికి? ఎక్స్ అక్షం మీది అంతరఖండాలు, అంటే వక్రం ఆ అక్షాన్ని ఖండించే చోట్లు, కావాలంటే వై స్థానంలో సున్న వేస్తే చాలదా? ఆ రోజు సారు బోర్డు మీద వై = 4ఎక్స్ − ఎక్స్² అని రాశారు. నేను లేచి 4ఎక్స్ = ఎక్స్² అన్నాను, రెండు వైపులా ఎక్స్‌తో భాగించాను. ఎక్స్ = 4. నిమిషం పట్టలేదు.

సారు తప్పని అనలేదు. వరండాలోకి రమ్మన్నారు. గోటీలాడే పిల్లవాడిలా గొంతుక్కూర్చుని, షాబాదు బండల మీది నుంచే సుద్దముక్కను పైకి ఎగరేశారు. అది వంపు తిరిగి నాలుగో బండ చివర పడి రెండు ముక్కలైంది.

"ఎక్కడ పడింది?"

"నాలుగో బండ చివర సార్."

"ఎక్కడి నుంచి లేచింది?"

ఆయన కాళ్ల దగ్గర చూపించాను.

"మరి లేచిన చోటు నీ లెక్కలో ఏదిరా?"

ఎక్స్‌తో భాగించానంటే అది సున్న కాదని మాట ఇచ్చినట్లే. ఇచ్చిన సంగతి నాకే తెలియదు. భాగించకుండా ఎక్స్(4 − ఎక్స్) = 0 అని రాసుకుంటే 0, 4 రెండూ దొరుకుతాయి. ఎక్స్ లేని విడి సంఖ్య, అంటే స్థిరపదం, లేదు కనుక వక్రం వై అక్షాన్ని ఖండించేదీ రెండు అక్షాలూ కలిసే ఆ మూలబిందువు దగ్గరే. అంటే ఒక్క భాగహారంతో రెండు అక్షాల మీదా నష్టపోయాను.

తర్వాత గ్రాఫు వేయించారు. 1 దగ్గర 3, 2 దగ్గర 4, 3 దగ్గర మళ్లీ 3. చుక్కలను స్కేలుతో కలిపాను. "ఇది పరావలయమా, పూరింటి కప్పా?" అన్నారు. చేతికి వంపు వచ్చేసరికి మూడు కాగితాలు పోయాయి. విచక్షణి, అంటే ఏఎక్స్² + బీఎక్స్ + సీలో బీ² − 4ఏసీ విలువ, ఆ తర్వాతే చెప్పారు: అది ధనమైతే వక్రం ఎక్స్ అక్షాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది, సున్న అయితే ఒక్కచోట తాకి మళ్లుతుంది, ఋణమైతే అక్షం జోలికే రాదు. సూత్రం ముందే చేతిలో పెట్టి ఉంటే నేను మళ్లీ గ్రాఫు ముట్టేవాణ్ని కాదు.

మొన్న మా అమ్మాయి 7ఎక్స్ = ఎక్స్² అని రాసుకుని, ఎక్స్ = 7 అని గీత గీసేసింది. ఇంట్లో సుద్దముక్క లేదు. దాని రబ్బరు తీసుకుని గొంతుక్కూర్చోబోతే మోకాళ్లు ఒప్పుకోలేదు. తననే విసరమన్నాను.