నా అనుభవం: టీపీఎంలో కీ పెట్టబోయి డిస్క్ బయట నిలబడ్డాను

నిన్న సాయంత్రం ఆరింటికి తేలింది ఈ గొడవ. కోపం చల్లారకముందే రాస్తున్నా.

కొత్త క్లయింట్ వీపీఎన్‌కి సర్టిఫికెట్ కావాలన్నారు. దాని ప్రైవేట్ కీ ఫైల్లో ఉండకూడదు, ల్యాప్‌టాప్‌లో రహస్య కీలని బయటికి పోనివ్వకుండా దాచే టీపీఎం చిప్‌లోనే ఉండాలి. నాది లినక్స్. బయోస్‌లో టీపీఎం ముందే ఆన్‌లో ఉంది. టూల్స్ వేసుకోవడం ఐదు నిమిషాల పని. కీ పుట్టించాను, సర్టిఫికెట్ రెండు రోజుల్లో వచ్చేసింది. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు.

చిక్కంతా ఆ కీని ఏమని పిలవాలన్న దగ్గరే. ఉన్నది ఒక్క కీ. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ టూల్ దాన్ని హ్యాండిల్ నంబరుతో, అంటే చిప్‌లో కీ ఉన్న చోటి నంబరుతో అడుగుతుంది, ముందు సున్నా, ఎక్స్ తగిలించి. మా వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌కీ ఆ నంబరే కావాలి, కానీ సున్నా, ఎక్స్ లేకుండా. పీకేసీఎస్ 11 అనే ప్రమాణం దారిలో వెళ్లే ప్రోగ్రాములకి నంబరు అక్కర్లేదు, టోకెన్ పేరూ లేబులూ చెప్పాలి. వాటిని ఒకే వరసలో రాయడానికి 2015లోనే ఆర్‌ఎఫ్‌సీ 7512 అనే ఇంటర్నెట్ ప్రమాణంలో ఒక పద్ధతి వచ్చింది. ఇంకొన్ని టూల్స్‌కి ఇవేవీ పట్టవు, టీఎస్‌ఎస్2 అని మొదలయ్యే పెమ్ ఫైలు (కీని అక్షరాల రూపంలో రాసిన ఫైలు) చేతిలో పెట్టాలి. ఇంట్లో చిన్నోడు, బళ్లో శ్రీనివాసరావు, రేషన్ కార్డులో ఇంకేదో ఉన్నట్టు.

మా సపోర్ట్ వాళ్లు పంపిన డాక్యుమెంట్‌లో ఇలా ఉంది: కీని 81000001లో పెట్టండి, అక్కడ ఏదైనా ఉంటే తీసేయండి. తీసేశాను. పాస్‌వర్డ్ కూడా అడగలేదు. నా కీ అక్కడ పెట్టాను, వీపీఎన్ కలిసింది. ఇంత తొందరగా అయిపోయిందని టీమ్ గ్రూప్‌లో గొప్పగా మెసేజ్ కూడా పెట్టాను.

తర్వాత ఏదో అప్‌డేట్ వచ్చి రీస్టార్ట్ చేశాను. రోజూ తనంతట తానే తెరుచుకునే ఎన్‌క్రిప్టెడ్ డిస్క్ పాస్‌ఫ్రేజ్ అడిగి ఆగిపోయింది. ఇరవై నిమిషాల్లో డెమో.

డిస్క్‌ని టీపీఎంతో తెరిచేలా పెట్టుకున్నప్పుడు సిస్టమ్‌డీ (లినక్స్‌ని బూట్ చేసి నడిపించే సాఫ్ట్‌వేర్) ఒక రికవరీ కీ ఇచ్చింది. ఎనిమిదేసి అక్షరాల గుంపులు ఎనిమిది, మొత్తం 64 అక్షరాలు. దాన్ని ప్రింట్ తీసి తెనాలిలో నాన్న బీరువాలో, పొలం కాగితాల కింద పెట్టాను. భద్రం అనుకున్నా. ఫొటో పంపమందామంటే అమ్మ స్మార్ట్‌ఫోన్ పట్టుకుని గుడికెళ్లింది. నాన్నది మీటల ఫోన్. ఇక చదివించుకోవడమే.

అందులో వాడే ఇంగ్లిష్ అక్షరాలు పదహారు రకాలే, ఏ కీబోర్డ్ మీదైనా చాలావరకు ఒకే చోట ఉంటాయని ఏరినవి. బీ, సీ, డీ, ఈ, జీ, టీ, వీ అన్నీ వాటిలోనే ఉన్నాయి. ఫోన్‌లో అన్నీ ఒకేలా వినిపిస్తాయి. టైప్ చేస్తుంటే స్క్రీన్ మీద చుక్కలు తప్ప ఏమీ కనిపించవు. మొదటిసారి 64 కొట్టి ఎంటర్ నొక్కితే తప్పంది సిస్టమ్.

నాన్న రైల్వేలో గార్డుగా రిటైరయ్యాడు. "ఒరే, ఇలా కాదు గానీ, స్టేషన్లు చెప్తా రాసుకో" అన్నాడు. బాపట్ల, చీరాల, డోర్నకల్, ఏలూరు, గూడూరు, తెనాలి, విజయవాడ. గట్టిగా, ప్లాట్‌ఫామ్ మీద అరిచినట్టు. నేను స్పీకర్‌లో పెట్టి రెండు చేతులతో కొడుతున్నా. ఎఫ్‌కి ఫలక్‌నుమా, ఐ రాగానే ఏకంగా ఇచ్ఛాపురం. వెనకాల ఐదుగురు చేరారు. ఒకడు "తర్వాత కావలి వస్తుందా?" అన్నాడు. పదకొండేళ్ల అనుభవం ఉన్నవాణ్ని. నా చెవులు కాలిపోయాయి.

రెండోసారికి తెరుచుకుంది. డెమో పదిహేను నిమిషాలు లేటు.

జరిగిందేమిటంటే, చిప్‌లో శాశ్వతంగా ఉండే కీల నంబర్లన్నీ 81తో మొదలవుతాయి. 81000001 మిగతా కీలకి తాళం వేసే స్టోరేజ్ రూట్ కీకి అని, టీపీఎం ప్రమాణాలు రాసే ట్రస్టెడ్ కంప్యూటింగ్ గ్రూప్ ఎప్పుడో రాసిపెట్టింది. కానీ అది మాట వరకే, చిప్ దానికి కాపలా కాయదు. నా డిస్క్ తాళం బిగించింది ఆ రూట్ కీతోనే, నేను పీకేసింది దాన్నే. నంబరంటే బెర్తు నంబరు లాంటిది. బెర్తు మీద ఎవరు పడుకున్నా నంబరు మారదు. కీకి దాని పబ్లిక్ భాగం హ్యాష్‌తో (వేలిముద్ర లాంటి లెక్కతో) తయారయ్యే అసలు పేరు ఒకటుంది, టీపీఎం వాళ్లు దాన్ని నేమ్ అనే అంటారు. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఆ పేరుతో పిలిస్తే నాకు ఇచ్ఛాపురం దాకా వెళ్లే పని ఉండేది కాదు.

ఒక అదృష్టం ఏమిటంటే, పోయిన రూట్ కీ నిజంగా పోదు. చిప్‌ని క్లియర్ చేయనంతవరకు లోపలి సీడ్ (కీలు పుట్టించే రహస్య సంఖ్య) అదే, అదే మూస ఇస్తే అదే కీ మళ్లీ పుడుతుంది. నేను మొదట ఆర్‌ఎస్‌ఏ అనే రకం కీ మూసతో చేశాను, డిస్క్ కదల్లేదు. సిస్టమ్‌డీ వాడింది ఈసీసీ అనే ఇంకో రకం. దానితో చేసి 81000001లో కూర్చోబెట్టి రీస్టార్ట్ చేస్తే, ఏమీ జరగనట్టు తెరుచుకుంది. వీపీఎన్ కీ ఫైళ్లు (ఈ చిప్ తప్ప ఎవరూ విప్పలేనివి) దాచుకున్నాను కాబట్టి దాన్ని 81000020కి మార్చాను. మీరు ఏదైనా పీకే ముందు ఆ నంబర్లో ఉన్నదాని పబ్లిక్ భాగం చదివి చూడండి, ఒక్క కమాండే. సపోర్ట్ డాక్యుమెంట్లని మాత్రం నమ్మకండి.

ఇదంతా వివరంగా రాసి సపోర్ట్‌కి పంపాను. ఇవాళ పొద్దున జవాబు వచ్చింది, డాక్యుమెంట్ సరిచేశాం, ధన్యవాదాలు అని. తెరిచి చూశా. 81000001 కొట్టేసి 81010001 రాశారు. అది చిప్‌కి గుర్తింపుకార్డు లాంటి ఎండార్స్‌మెంట్ కీ నంబరు.